‘పాప కోసం’ అన్న కారణానికి ముందు: ఒక సైనిక అధికారిణి సర్వీసు విడిచిన కేసు

సైన్యంలో పనిచేసే మహిళ ఉద్యోగం విడిచి ఇంటికి వస్తే కారణం ఏమిటని ఎవరూ పెద్దగా అడగరు. పెళ్లయి ఉంటే భర్త అనుకుంటారు, పిల్లలుంటే పిల్లలు అనుకుంటారు, రెండూ లేకపోతే పెళ్లి కోసం వచ్చిందనుకుంటారు. తిరుపతిలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరకు వచ్చిన ఈ కేసులో కూడా మొదట వినిపించిన కారణం అదే, అదీ ఆమె నోటి నుంచే. అది అబద్ధం కాదు. అయితే అది అన్నిటికన్నా చివర వచ్చి చేరిన కారణమనీ, అసలు విముఖత అంతకు రెండేళ్ల ముందే, మరో చోట మొదలైందనీ తేలడానికి చాలా సమయం పట్టింది. ఆ తేలిన తీరును తోటి కౌన్సెలర్ల కోసం, ఇలాంటి నిర్ణయం ముందు నిలబడిన మహిళల కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమె పనిచేసిన విభాగం, ఊళ్లు, కుటుంబ వివరాలలో కొన్నింటిని మార్చాను, కొన్నింటిని వదిలేశాను.

నేపథ్యం

ఆమెకు ముప్పై దాటి కొద్ది కాలమే అయింది. పుట్టింది చిత్తూరు వైపు ఒక చిన్న ఊళ్లో. కుటుంబానికి మామిడి తోటే ఆధారం. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివి, సైనికాధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఐదు రోజుల పరీక్షను మొదటి ప్రయత్నంలోనే దాటి, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాల శిక్షణ పూర్తి చేసి, షార్ట్ సర్వీస్ కమిషన్ మీద, అంటే పరిమిత కాలపు అధికారి నియామకం మీద, లెఫ్టినెంటుగా చేరారు. ఆ కుటుంబంలో అంతకు ముందు ఎవరూ యూనిఫాం వేసుకోలేదు. ఆమె కమిషన్ పొందిన వారం ఊరి కూడలిలో ఆమె ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. నా దగ్గరకు వచ్చేనాటికి ఆమె మేజర్. భర్త బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగి. నాలుగేళ్ల పాప పాలు మరిచినప్పటి నుంచి అమ్మమ్మ ఇంట్లోనే పెరుగుతోంది.

ఆమె ముందున్న నిర్ణయం ఎలాంటిదో తెలియాలంటే సర్వీసు నిబంధనల గురించి కొంత చెప్పాలి. వైద్య, నర్సింగ్ విభాగాలను పక్కన పెడితే మన సైన్యంలోకి మహిళా అధికారులు వచ్చింది 1992లో, అదీ మొదట్లో ఐదేళ్ల కాలానికే. తరువాత అది పదేళ్లు, కోరుకుంటే మరో నాలుగేళ్లు అయింది. న్యాయ, విద్యా విభాగాలలో తప్ప మిగతా చోట్ల పర్మనెంట్ కమిషన్, అంటే పదవీ విరమణ వయసు దాకా ఉండే నియామకం, చాలా కాలం మగవారికే ఉండేది. బబితా పునియా కేసులో 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ తలుపు మహిళలకూ తెరుచుకుంది. కాబట్టి పదో ఏడు దగ్గరపడుతున్న ఈ అధికారిణి ముందు మూడు దారులున్నాయి: పర్మనెంట్ కమిషన్‌కు దరఖాస్తు చేయడం, నాలుగేళ్ల పొడిగింపు తీసుకోవడం, లేదా పదేళ్లు ముగియగానే బయటికి రావడం. అధికారులకు పెన్షన్ రావాలంటే ఇరవై ఏళ్ల సర్వీసు ఉండాలి. పదేళ్లకు వచ్చినా, పద్నాలుగేళ్లకు వచ్చినా గ్రాట్యుటీ వస్తుంది గానీ పెన్షన్ రాదు. ఈ చివరి విషయం తరువాత చాలా ముఖ్యమైంది.

వచ్చిన సమస్య

సెలవు మీద ఇంటికి వచ్చిన ఆమె తనంతట తానే నా దగ్గరకు వచ్చారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టడం లేదు, భర్తతో ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ గొడవ అవుతోంది, దరఖాస్తు పత్రం తెరిచి చూడబుద్ధి కావడం లేదు అన్నారు. “పాప కోసం వచ్చేయాలనుకుంటున్నాను. ఆ మాట అనుకోగానే ఊపిరాడనట్టు ఉంటోంది” అని ఆమె చెప్పిన వాక్యాన్ని ఆ రోజే రాసి పెట్టుకున్నాను. నిర్ణయం నిజంగా జరిగిపోయి ఉంటే, బాధ ఉన్నా, ఎంతో కొంత ఊరట కూడా కలగాలి. ఇక్కడ ఊరట జాడ లేదు.

సైనిక ఆసుపత్రిలో చూపించుకోకుండా ప్రైవేటుగా ఎందుకు వచ్చారని అడిగాను. సైన్యంలో వైద్య శ్రేణిని షేప్ అంటారు. ఐదు అంశాలలో మొదటిది మానసిక స్థితి. ఆ గడిలో ఒక అంకె మారితే పర్మనెంట్ కమిషన్ ఎంపిక మీద, పోస్టింగుల మీద దాని నీడ పడుతుందన్నది ఆమె భయం. సర్వీసులో ఉన్నవారు చాలామంది సెలవులో సొంతూరికి వచ్చినప్పుడే మా వంటి వారి తలుపు తట్టడానికి ఇదే కారణం. ఆ భయం నాకు అర్థమైంది. అయినా మొదటి రోజే ఒక షరతు స్పష్టంగా చెప్పాను: తీవ్రమైన కుంగుబాటు గానీ, ఆత్మహత్య ఆలోచనలు గానీ కనిపిస్తే దాన్ని దాచడానికి నేను సాయపడను, సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతాను, ఆయుధం అందుబాటులో ఉండే ఉద్యోగంలో దీనికి మినహాయింపు ఉండదు. ఆమె ఒప్పుకున్నారు.

ముందుగా తేల్చుకోవలసింది ఆమె అనారోగ్యంతో ఉన్నారా, లేక ఇరకాటంలో ఉన్నారా అన్నది. కుంగుబాటులో ఉన్న మనిషికి ఏ దారి చూసినా మూసుకుపోయినట్టే కనిపిస్తుంది కనుక ఆ స్థితిలో ఉద్యోగం గురించి నిర్ణయం తీసుకోనివ్వడం ప్రమాదం. కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలోనూ, విడిగా జరిపిన సంభాషణలోనూ నిద్రలేమి, ఏకాగ్రత తగ్గడం కనిపించాయి గానీ ఆనందించే శక్తి పోలేదు, ఆకలి పోలేదు, తన మీద తనకు విలువ పోలేదు. ఇది ఇరకాటమే అని నిర్ధారించుకుని, నిద్రకు సంబంధించిన అలవాట్లను సరిచేయడం ఒక పక్క మొదలుపెట్టి, నిర్ణయం విషయంలోకి వెళ్లాం.

ప్రయత్నించినవి, ఫలించనివి

నిర్ణయాలకు సంబంధించిన కౌన్సెలింగులో మామూలుగా వాడే పట్టికతో మొదలుపెట్టాం. ఉంటే కలిగే లాభనష్టాలు ఒక వైపు, వస్తే కలిగేవి ఒక వైపు రాసి, ఒక్కొక్క దానికి పది మార్కులలో ఎంత బరువో వేయాలి. ఆమె చాలా శ్రద్ధగా పూర్తి చేసి తెచ్చారు. జీతం, క్వార్టరు, హోదా, పాప బడి, భర్త ఉద్యోగం, అత్తమామల వయసు, అన్నీ ఉన్నాయి. కానీ పాపకు సంబంధించిన ప్రతి వరుసలోనూ పదికి పది, మిగతా ప్రతి దానికీ నాలుగూ ఐదూ పడ్డాయి. ‘పాపకు పది కన్నా తక్కువ వేసే తల్లి ఉంటుందా’ అన్న ప్రశ్న ఆ అంకెలలోనే కనిపిస్తోంది. అపరాధభావం అంకెలు వేసినప్పుడు ఆ పట్టికకు నిర్ణయం చెప్పే శక్తి ఉండదు. దాన్ని పక్కన పెట్టేశాం.

తరువాత కుటుంబాన్ని కూర్చోబెట్టాను. నిర్ణయం ఒక్కరిదే అయినా దాని భారం మోసేది నలుగురు కనుక వారి మాటలు నేరుగా వినాలనుకున్నాను. తల్లి ఆవేదన సూటిగా ఉంది: “బిడ్డ దోవ చూస్తా ఉండాది. ఈ వయసులో నాకూ మోకాళ్లు లేవడం లేదు. ఆ ఉద్యోగం చేసి ఎవురికి పెట్టాల?” తండ్రిది మరో బాధ: “ఊరంతా చెప్పుకున్న ఉద్యోగం మే. ఇప్పుడు వదిలేసి వస్తే నలుగురికి ఏం చెప్పేది?” ఆమె “అది కాదు నాయనా” అని మొదలుపెట్టి ఆగిపోయారు. భర్త మర్యాదస్తుడు. ఆయన “నీ ఇష్టం, నువ్వేం చేసినా నాకు సమ్మతమే” అని మళ్లీ మళ్లీ అన్నారు. వినడానికి అది స్వేచ్ఛ ఇచ్చినట్టే ఉంటుంది. కానీ పాపను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నలో తన వాటా ఎంతో చెప్పకుండా ‘నీ ఇష్టం’ అంటే మొత్తం బరువు ఆమె మీదే పెట్టినట్టవుతుంది. ఈ మాట ఆయనకు విడిగా చెప్పాను, ఆయన ఆలోచనలో పడ్డారు. ఆ సమావేశం పాపను ఎక్కడ ఉంచాలన్న బేరంగా మారి, ఎటూ తేలకుండా ముగిసింది. అయితే దాని నుంచి నాకొక సంగతి పట్టుబడింది. అంతసేపు ఆమె ఉద్యోగం గురించి మాట్లాడిన ముగ్గురిలో ఒక్కరైనా ఆ ఉద్యోగంలో ఆమె రోజూ చేసే పని ఏమిటని అడగలేదు. నిజానికి అప్పటివరకు నేనూ ఆ వైపు ఎక్కువ వెళ్లలేదు, ఎందుకంటే ఆమె తెచ్చిన సమస్య పాప గురించినది.

మూడో ప్రయత్నం సెలవు. సైన్యంలో మహిళా అధికారులకు 180 రోజుల ప్రసూతి సెలవుతో పాటు సర్వీసు మొత్తంలో 360 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంటుంది. 2023 నవంబరులో రక్షణ శాఖ దీన్ని మహిళా జవాన్లకు, నావికులకు, ఎయిర్ వారియర్లకు కూడా వర్తింపజేసింది. ఆమె సెలవులో కొంత మిగిలే ఉంది. పాపతో తగినంత కాలం గడిపి, ఆ అనుభవం ఆధారంగా నిర్ణయించుకోవడం మంచిదని ఇద్దరం అనుకున్నాం. యూనిట్ అవసరాలను బట్టే మంజూరవుతుంది గనుక అడిగిన కాలం మొత్తం రాకపోయినా, వచ్చినంతలో పాపను తీసుకుని తిరుపతిలో అద్దె ఇంట్లో ఉన్నారు. బిడ్డ దగ్గరైంది. అన్నం తినిపించేటప్పుడు ఆమె చేయి పట్టుకుని కూర్చునేది. తల్లిగా ఆ రోజులు తనకు చాలా మంచి రోజులని ఆమె చెప్పారు. నిద్ర మాత్రం కుదుటపడలేదు. ఒక సాయంత్రం, తనకన్నా జూనియర్ అయిన ఒక అధికారి ముఖ్యమైన కోర్సుకు ఎంపికైన సంగతి తోటివారి వాట్సాప్ గ్రూపులో చూసి, ఆ రాత్రంతా కళ్లు మూయలేదు. పాప పక్కనే నిద్రపోతోంది.

ఈ ప్రయత్నం ఉద్దేశించిన ఫలితం ఇవ్వలేదు గానీ దాని వైఫల్యం మాకు చాలా నేర్పింది. పాపకు దూరంగా ఉండటమే ఆమె కలతకు మూలమైతే, పాప పక్కన ఉన్నప్పుడు అది తగ్గాలి. తగ్గలేదు. అంటే మేము చెరువు గట్టు తెగిన చోటు వదిలేసి, నీళ్లు వచ్చి నిలిచిన చోట తవ్వుతున్నామన్నమాట.

దారి మార్చిన పట్టిక

అప్పుడు కుటుంబాన్ని పూర్తిగా పక్కన పెట్టి ఉద్యోగాన్ని మాత్రమే ముందు పెట్టుకున్నాం. ఒక తెల్ల కాగితాన్ని అడ్డంగా తిప్పి, పెన్సిలుతో గళ్లు గీసి, ఒక్కొక్క పోస్టింగుకు ఒక వరుస ఇచ్చాం. ఊరు, కాలం, కాగితం మీద ఉన్న పదవి, నిజంగా చేసిన పని, ఆ పని ఇచ్చేముందు ఎవరైనా ఆమెను అడిగారా, విడిచిపెట్టాలన్న ఆలోచన ఆ కాలంలో ఎన్నిసార్లు వచ్చింది, ఇవీ గళ్లు. పదవికీ పనికీ వేరువేరు గళ్లు పెట్టడానికి కారణం ఉంది. ఏ పెద్ద సంస్థలోనైనా మనిషి విలువ తగ్గడం మొదట పదవిలో కనిపించదు, రోజువారీ పనిలో కనిపిస్తుంది.

మొదటి వరుస నిండడానికి ఎక్కువ సేపు పట్టలేదు: కొత్త అధికారి, కొద్దిమంది జవాన్ల మీద బాధ్యత, వాహనాలు, పరికరాలు. రెండో వరుస ఎత్తైన కొండ ప్రాంతంలోని ఫీల్డ్ పోస్టింగు. కుటుంబాన్ని తీసుకువెళ్లే వీలు లేదు, చలి, ఇంటికి ఫోను కలిస్తే కలిసినట్టు. ఆ వరుసలో చివరి గడి ఆమె ఖాళీగా వదిలేశారు. మరిచిపోయారేమో అనుకుని అడిగితే, “అక్కడ ఆ ఆలోచన రాలేదండీ” అన్నారు. పదేళ్లలో అన్నిటికన్నా కష్టమైన చోట ఒక్కసారి కూడా వెళ్లిపోవాలనిపించలేదు.

మూడో వరుస పాప పుట్టిన తరువాతది. మైదాన ప్రాంతంలో, క్వార్టరు ఉన్న చోట, అందరూ కోరుకునే పోస్టింగు. కాగితం మీద ఆమె పదవి సాంకేతికమైనదే. ‘నిజంగా చేసిన పని’ గడిలో ఆమె చిన్న అక్షరాలతో రాసుకుంటూ పోయారు: కుటుంబాల సంక్షేమ సమావేశాల ఏర్పాట్లు, వార్షికోత్సవంలో సాంస్కృతిక కార్యక్రమం, పర్యటనకు వచ్చే ఉన్నతాధికారుల భార్యలకు తోడు, కార్యక్రమాలకు యాంకరింగ్, పాత ఫైళ్ల సర్దుబాటు. గడి సరిపోక కాగితం అంచు మీదికి రాశారు. పక్క గడిలో ‘ఎవరూ అడగలేదు’ అని రాసి, చివరి గడిలో ‘మొదటిసారి ఇక్కడే’ అని రాశారు.

అక్కడ ఎవరూ ఆమెతో కఠినంగా మాట్లాడలేదు, వేధించలేదు, ఆ సంగతి నేను ప్రత్యేకంగా అడిగి తెలుసుకున్నాను. పై అధికారి దయగల మనిషి. “పాప చిన్నది కదా, నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకు” అని విన్యాసాల నుంచి తప్పించారు. మేజర్ స్థాయిలో చేయవలసిన జూనియర్ కమాండ్ కోర్సు ప్రస్తావన వచ్చినప్పుడు “వచ్చే ఏడు చూద్దాం, ఇప్పుడు పాపను వదిలి ఎలా వెళతావు” అన్నారు. పాపను చూసుకోవడానికి తల్లి సిద్ధంగా ఉందనీ, వెళ్లగలననీ చెప్పే అవకాశమే ఆమెకు రాలేదు, ఎందుకంటే అది ప్రశ్నగా రాలేదు, సానుభూతిగా వచ్చింది. వేధింపునైతే ఎదిరించవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. మన మంచి కోరి తీసుకున్న నిర్ణయాన్ని కాదనడం చాలా కష్టం. ఆ ఏడాది పనితీరు మీద రాసిన వార్షిక నివేదికలో ఆమె గురించి మంచి మాటలే ఉన్నాయి, అయితే వాటికి ఆధారంగా చూపగలిగిన పని లేదు.

ఇది ఆమె ఒక్కరి అనుభవం కాదని చెప్పడానికి 2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆమెతో కలిసి చదివాను. మహిళలకు ఆ రోజుల్లో పర్మనెంట్ కమిషన్ లేదు కనుక వారి వార్షిక నివేదికలను శ్రద్ధ లేకుండా రాశారనీ, ఆ నివేదికలనే తరువాత ఎంపికకు కొలబద్దగా తీసుకున్నారనీ, పైకి అందరికీ సమానంగా కనిపించే నిబంధన కూడా ఆ విధంగా పరోక్ష వివక్ష కాగలదనీ ఆ తీర్పు చెప్పింది. ఆమె వయసులో చిన్నవారు, ఆ కేసులోని అధికారిణుల తరం కాదు. అయినా ‘ఎలాగూ ఉండేది కాదులే’ అన్న అంచనా ముందుగా రావడం, దానికి తగ్గట్టు పని తగ్గడం, పని తగ్గినందువల్ల ఆమె నిజంగానే వెళ్లిపోవడం అన్న వరుస తన పట్టికలో కూడా ఉందని ఆమె గుర్తించారు. సైనిక నర్సింగ్ సర్వీసులో పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోయే నిబంధన 1995 వరకు ఉండేదనీ, ఆ నిబంధన కింద 1988లో తొలగింపుకు గురైన సెలీనా జాన్‌కు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024లో ఆదేశించిందనీ గుర్తు చేసుకుంటే, పెళ్లయిన మహిళ ఇక ఇంటిదే అన్న భావన నిబంధన పోయినంత త్వరగా మనుషుల నుంచి పోదని అర్థమవుతుంది.

అమెరికా సైన్యం విషయంలో అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020లో ఇచ్చిన నివేదికను కూడా చూశాం. మగవారితో పోలిస్తే మహిళలు సర్వీసు విడిచే అవకాశం 28 శాతం ఎక్కువని అది లెక్కగట్టింది. అందులో పేర్కొన్న కారణాలలో పిల్లలను ఎప్పుడు కనాలన్న ప్రణాళిక, పిల్లల సంరక్షణ ఉన్నాయి. వాటి పక్కనే పని వేళలు, విదేశీ మోహరింపులు, సంస్థ సంస్కృతి, లైంగిక దాడులు కూడా ఉన్నాయి. అంటే ఇల్లు ఒక్కటే కారణమని అక్కడి మహిళలూ చెప్పలేదు. ఆ దేశపు లెక్కలను మన దేశానికి అంటించలేం గానీ, తన మనసులో ఉన్నది చెప్పుకోదగిన కారణమేనన్న ధైర్యం ఆమెకు దాని వల్ల వచ్చింది.

ఎదురెదురు ప్రశ్నలు

పట్టిక దారి చూపింది గానీ నిర్ధారణ కాదు. జరిగిపోయిన దానికి తరువాత కారణాలు అల్లుకోవడం మనిషి స్వభావం కనుక, దీన్ని పరీక్షించాలనుకున్నాను. ఒక రోజు ఇలా అడిగాను: పాప బాధ్యత మీరు కోరుకున్నట్టుగా పూర్తిగా తీరిపోయింది, భర్త పక్కనే ఉన్నారు, ఉద్యోగం మాత్రం మూడో పోస్టింగులో ఉన్నట్టే ఉంది; ఉంటారా? చాలాసేపు ఆలోచించి “ఉండను” అన్నారు. మరో రోజు, మొదటి జవాబు గుర్తు చేయకుండా, తిప్పి అడిగాను: పాప ఇప్పుడున్నట్టే అమ్మమ్మ దగ్గరే ఉంది, కష్టం అంతే ఉంది, కానీ మీకు రెండో పోస్టింగులో లాంటి పని ఇచ్చారు, కోర్సుకు పంపారు; ఉంటారా? ఈసారి జవాబు వెంటనే వచ్చింది. “ఉంటాను. ఇంకో రెండేళ్లు ఎలాగో నెట్టుకొస్తాను.”

రెండు ప్రశ్నలనూ ఒకే రోజు అడగకపోవడానికి కారణం, మొదటి జవాబుకు పొంతన కుదిర్చేలా రెండోది చెప్పే అవకాశం ఉండటమే. ఈ జవాబులతో పాప విషయం చిన్నదైపోలేదు. పాపకు దూరంగా ఉండటం అనే ఖరీదు ఎప్పుడూ ఉంది. ఆ ఖరీదు చెల్లించి తాను పొందుతున్నది ఏమిటన్నదే మూడో పోస్టింగు తరువాత ఆమెకు తెలియకుండా పోయింది. బిడ్డను వదిలి వచ్చి అతిథులకు పూలబొకేలు సర్దుతున్నాననుకున్నప్పుడు ఆమెకు ఊపిరాడలేదు.

ఇది తేలగానే ఆమెకు కోపం వచ్చింది, ఆ కోపంలో వెంటనే సర్వీసు నుంచి విడుదల కోరాలనుకున్నారు. ఆగమన్నాను. ఆమె చెప్పిన లోపం సంస్థ సరిదిద్దగలిగినది. సరిదిద్దమని ఆమె ఇంతవరకు స్పష్టంగా, లిఖితపూర్వకంగా అడగలేదు. అడగకుండా వెళ్లిపోతే, ‘అడిగి ఉంటే ఇచ్చేవారేమో’ అన్న అనుమానం జీవితాంతం వెంటాడుతుంది. ఇక్కడ నా ఇష్టం గురించి కూడా చెప్పాలి. మన ప్రాంతపు అమ్మాయిలు సైన్యంలో నిలబడాలని, కమాండ్ చేయాలని బలంగా కోరుకునేదాన్ని నేను. ఆ కోరిక ఆమె మీద పడకుండా ఉండాలంటే జవాబు నా నుంచి కాక ఆమె సంస్థ నుంచి రావాలి. అందుకని రెండే అంశాలతో ఒక విజ్ఞప్తి రాయించాను: కోర్సుకు నామినేషన్, తన సాంకేతిక అర్హతకు తగిన బాధ్యతలో పోస్టింగు. పాప ప్రస్తావన తేవద్దన్నాను, ఎందుకంటే ఆ మాట ఒకసారి కాగితం మీదికి వస్తే మిగతా అంతా దాని వెనుకకు పోతుంది.

ఎదురుచూసే కాలంలో మిగిలిన దారులను లెక్క వేశాం. ఆమె మనసు నాలుగేళ్ల పొడిగింపు వైపు మొగ్గుతోంది, ఎందుకంటే అది నిర్ణయాన్ని వాయిదా వేస్తుంది. లెక్కలో మాత్రం అదే అన్నిటికన్నా బలహీనమైన దారి. పద్నాలుగేళ్ల తరువాత కూడా పెన్షన్ ఉండదు, బయట ఉద్యోగాలకు వయసు నాలుగేళ్లు పెరుగుతుంది, పాప చిన్నతనం ఆ నాలుగేళ్లలోనే గడిచిపోతుంది. ఉంటే ఇరవై ఏళ్లు దాటే ఉద్దేశంతో పర్మనెంట్ కమిషన్‌కు వెళ్లాలి, లేదంటే ఇప్పుడే రావాలి. మధ్య దారి అందరికీ చెడ్డదని కాదు, ఆమె పరిస్థితిలో దానికి సమర్థన దొరకలేదు.

ఆమెను వేధించిన మరో ఆలోచన ఉంది. “ఆడవాళ్లకు పర్మనెంట్ కమిషన్ ఇచ్చినా ఉండరు అని రేపు నన్ను చూపిస్తారు” అన్నారు. 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీయే)లో అమ్మాయిల తొలి బ్యాచ్ చేరినప్పుడు ఆమె ఆనందంతో ఏడ్చారట. వారి దారికి తాను అడ్డు పడుతున్నాననే బాధ ఆమెది. మగ అధికారి పదేళ్లకు బయటికి వస్తే అది అతడి ఒక్కడి నిర్ణయం. ఆమె వస్తే అది మహిళలందరి మీద సాక్ష్యమైపోతుంది. ఇది అన్యాయం, ఈ బరువు ఒక్క మనిషి మోయవలసినది కాదు. అయితే దానికి ఆమె చేయగలిగినది ఒకటుందని చెప్పాను: వెళ్లవలసి వస్తే, అసలు కారణం చెప్పి వెళ్లడం.

ఫలితం

విజ్ఞప్తికి జవాబు మర్యాదగానే వచ్చింది. కోర్సు విషయం తదుపరి ఏడాది పరిశీలిస్తామన్నారు. పోస్టింగు మారింది, కొత్త ఊళ్లోనూ అది కార్యాలయంలో కూర్చునే బాధ్యతే. నెపం వెతకడం, నిందించడం లేకుండా ఆమె ఆ జవాబును పట్టిక పక్కన పెట్టి చూసి, పర్మనెంట్ కమిషన్‌కు దరఖాస్తు చేయనని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం చెప్పేటప్పుడు ఆమె గొంతులో దుఃఖం ఉంది, ఊరట కూడా ఉంది. మొదటి రోజు నేను వెతికి కానరానిది ఆ ఊరటే.

ఆ తరువాత పని వేగంగా సాగింది. విడుదలయ్యే అధికారుల కోసం పునరావాస డైరెక్టరేట్ జనరల్ ఏర్పాటు చేసే మేనేజ్‌మెంట్ కోర్సుకు దరఖాస్తు చేశారు. మాజీ షార్ట్ సర్వీస్ అధికారులకు సివిల్ సర్వీసెస్ పరీక్షలో ఐదేళ్ల వయోపరిమితి సడలింపు ఉన్నా, మళ్లీ ఏళ్ల తరబడి చదువు తనకు కుదరదని పక్కన పెట్టారు. శ్రీసిటీ, రేణిగుంట వైపు పరిశ్రమలలో సరఫరా, భద్రత, నిర్వహణ పనులకు సైనిక అనుభవం ఎలా పనికొస్తుందో సివిల్ భాషలో రాయడానికే ఎక్కువ శ్రమ పడ్డాం. ‘కంపెనీ సెకండ్ ఇన్ కమాండ్’ అంటే ఎంతమంది మనుషులు, ఎన్ని వాహనాలు, ఎంత సామగ్రి అన్నది బయటి వారికి తెలియదు. భర్త వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు చేసుకుని తిరుపతికి వచ్చారు. ‘నీ ఇష్టం’ స్థానంలో ఆయన వాటా అలా ఏర్పడింది.

వెళ్లేముందు ఆమె తన కమాండింగ్ అధికారికి విడిగా ఒక లేఖ రాశారు. అందులో పాప గురించి ఒక వాక్యం, తనకు ఇవ్వని పని గురించి ఒక పేజీ ఉన్నాయి. తండ్రికి కూడా ఆ లేఖే చదివి వినిపించారు. ఊళ్లో ఏం చెప్పాలన్న ఆయన బాధ పూర్తిగా తీరలేదు, కానీ కూతురు ఓడిపోయి రాలేదన్నది ఆయనకు అర్థమైందని ఆమె తల్లి నాతో అన్నారు.

ఆమె ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నారు, నిద్ర బాగుంది. ఎస్‌ఎస్‌బీకి సిద్ధమవుతున్న అమ్మాయిలు సలహా కోసం వస్తే చేరవద్దని ఆమె చెప్పరు. పెళ్లి తరువాత, ప్రసవం తరువాత ఏ బాధ్యత నుంచి తప్పించినా అది తమను అడిగి చేశారో లేదో గమనించమనీ, కోర్సులను నోటితో కాక కాగితం మీద అడగమనీ చెబుతున్నారు.

ఈ కేసు తరువాత యూనిఫాం సర్వీసులలోని మహిళలు ఎవరు వచ్చినా నేను కుటుంబ వివరాల కన్నా ముందు పోస్టింగుల పట్టిక వేయిస్తున్నాను, ఆ ఎదురెదురు ప్రశ్నలు వేరువేరు రోజుల్లో అడుగుతున్నాను. జవాబులు ఎప్పుడూ ఇలాగే వస్తాయని కాదు. కొంతకాలానికి వచ్చిన మరో అధికారిణి తన పని అన్యాయంగా ఉందని, అందుకే వెళ్లిపోతానని చాలా కోపంతో మొదలుపెట్టారు. ఆమె పట్టికలో పని నిండుగా ఉంది, కోర్సులు ఉన్నాయి. బిడ్డ బాధ్యత తీరితే ఉంటాననీ, తీరకపోతే ఎంత మంచి పని ఇచ్చినా ఉండలేననీ తేలింది. ఆమెకు అవసరమైనది మిగిలిన శిశు సంరక్షణ సెలవును ఎప్పుడు, ఎన్ని విడతలుగా వాడుకోవాలన్న ప్రణాళిక, అత్తగారిని కొన్నాళ్లు క్వార్టరుకు రమ్మని అడగడం. అత్తగారు ఒప్పుకున్నారు, ఆమె పర్మనెంట్ కమిషన్‌కు దరఖాస్తు చేశారు.